ఖాళీ షీట్ల సిస్టరు

బస్సు డిపో ఆసుపత్రిలో రెండో గది తలుపు కిర్రుమన్నదంటే వరండా బెంచీ మీది కబుర్లు టక్కున తెగిపోయేవి. అంతవరకు రోడ్డు గుంతలను, పై అధికారులను, అడ్డదిడ్డంగా దూసుకొచ్చే మోటారు సైకిళ్లను నోరారా తిట్టుకొంటున్న డ్రైవర్లు గబగబా చొక్కా జేబులు తడుముకొనేవారు.

ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు బిగించిన రక్తపోటు యంత్రం, చేతులు కడుక్కొనే తొట్టి ఉండేవి. వాటితోపాటు, ఇరవై ఆరేళ్లుగా వీసమెత్తు సడలని నియమం కూడా ఒకటి ఉండేది. బీపీ మాత్రల ఖాళీ షీట్లు బల్లమీద పెట్టినవారికే కొత్త షీట్లు దొరుకుతాయి. నెలకు మూడు షీట్లు, షీటుకు పది మాత్రలు. ఒక్క మాత్ర మిగిలి కనిపించినా ఆ మనిషికి ఆ పూట మూడినట్లే.

ఎదురుగా అందరూ ఆ గది నర్సును సిస్టర్ అనేవారు. వెనుక మాత్రం 'ఖాళీ షీట్ల సిస్టరు' అనేవారు. కోపం నషాళానికి ఎక్కిననాడు ఉత్త 'షీటమ్మ' అయ్యేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్లు ఏనాడూ కనిపించలేదు.

"రాత్రి కల్లోకి వచ్చింది బాబోయ్. షీటేదీ అని చెయ్యి చాపింది" అనేవాడు బెంచీ చివర కూర్చున్నవాడు.

"నయం. నా కల్లోకైతే మిషను కూడా తెచ్చింది" అనేవాడు పక్కవాడు.

లోపలినుంచి ఆమె గొంతు వినబడేది. "మూడో కలెవరికైనా ఉంటే లోపలికొచ్చి చెప్పండి. బీపీ పట్టీ చుట్టి వింటాను."

ఆమె కరకుదనం ఊరికే పుట్టింది కాదు. ఇరవయ్యో ఏట ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెను పక్షవాతం వార్డులో వేశారు. అక్కడ ఎనిమిదేళ్లు పనిచేసింది. రెండు గంటలకొకసారి మనుషులను ఒక పక్కనుంచి మరొక పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీపుమీద పుండ్లు పడకుండా తుడవడం, చెంచాతో పోసిన నీళ్లు పెదవి కొసనుంచి కారిపోతుంటే మళ్లీ పోయడం ఆమె పని. వారిలో సగంమంది ఒకే మాట ముద్దముద్దగా చెప్పేవారు: బాగానే ఉందిగదా అని బిళ్లలు మానేశామమ్మా. డిపో ఆసుపత్రికి బదిలీ అయిననాడే ఆమె ఒట్టు పెట్టుకొన్నది. తన చేతిమీదుగా ఒక్కడు కూడా ఆ వార్డుకు పోకూడదు.

అయినా ఒకడు పోయాడు. అతణ్ని అందరూ కబుర్ల డ్రైవరు అనేవారు. ఆరేళ్లపాటు నెలనెలా మూడు ఖాళీ షీట్లను కాగితంలో మడిచి, బహుమతి ఇచ్చినట్లు రెండు చేతులతో ఇచ్చేవాడు. "ఆయన్ని చూసి సిగ్గు తెచ్చుకోండి" అని ఆమె బెంచీ మొత్తాన్ని దులిపేది. ఒకనాటి ఉదయం డీజిలు పంపు దగ్గర అతని కుడిచేయి స్టీరింగు మీదినుంచి జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. తరువాత అతనికి కబుర్లు లేవు.

మూడోనాడు ఆవరణ ఊడ్చే ఆమె వచ్చి, సిస్టరును సైకిళ్ల పాక వెనుక ఉన్న కాలువ దగ్గరకు తీసుకుపోయింది. కాలువ అడుగున తెల్లని ముద్ద పేరుకొని ఉంది.

"ప్రతి నెలా మొదటి వారం ఇట్లాగే ఉంటుందమ్మా. ఎవరో సున్నం పోస్తున్నారనుకున్నా. నిన్న పుల్లతో కెలికితే బిళ్లలు!"

సిస్టరు వంగి చూసింది. ఇంకా కరగని మాత్రలు కొన్ని ఉబ్బి, ఒకదాన్నొకటి అంటుకొని ఉన్నాయి. గదిలోకి వచ్చి, చెత్తబుట్టలోని ఖాళీ షీట్లన్నీ బల్లమీద పోసి, ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ రోజునుంచి ఆమెకు షీట్లను చదవడం వచ్చింది. రోజుకొక మాత్ర నిజంగా వేసుకొన్నవాడి షీటు నలిగి ఉంటుంది. మూలలు మెత్తబడతాయి, రేకు ఒకచోట చినిగి, మరొకచోట చిల్లిపడి, తలొక దిక్కుకు లేచి ఉంటుంది. ఒక్కసారే కూర్చుని పదింటినీ నొక్కేసినవాడి షీటు మాత్రం కొత్తదానిలా పెళపెళలాడుతుంది. రేకు చివరలన్నీ ఒకే పక్కకు వాలి ఉంటాయి.

అప్పటినుంచి ఆ గదిలో యుద్ధమే. పట్టుబడినవాడు పళ్లు నూరుతూ పోయేవాడు. పట్టుబడనివాడు షీట్లను ప్యాంటు జేబులో వేసి వారంపాటు నలిపి తెచ్చేవాడు. ఆమె అదీ కనిపెట్టేది.

అందరిలోకీ ఆమెకు కంట్లో నలుసైనవాడు నలభై ఏడు. అది అతడు నడిపే బస్సు నంబరు. పంతొమ్మిదేళ్లుగా ఒకే దారిలో తిరిగి తిరిగి, ఆ నంబరే అతని పేరైపోయింది. నెరిసిన మీసం, ఇనుప గొంతు, ఎవరికీ తలవంచని మెడ. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ఆ ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు యంత్రంలో పై అంకె నూట డెబ్భై ఆరు, కింది అంకె నూట ఎనిమిది చూపించాయి. ఆమె పట్టీ విప్పి, అతడు పెట్టిన మూడు షీట్లను వెలుతురుకు ఎత్తింది.

"ఎప్పుడు నొక్కారివి?"

"రోజూ పొద్దున్నే."

"ముప్ఫై రోజులూ ఒకే వేలితో, ఒకే పక్కకు?"

"మా ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువ సిస్టర్."

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నిన్న సాయంత్రం క్యాంటీన్లో కూర్చుని నొక్కారు."

"తప్పు. నిన్న సాయంత్రం కాదు."

"మరి?"

"ఇవాళ పొద్దున. ఇప్పుడే, టీ తాగుతూ."

వరండా గొల్లుమన్నది. ఆమె ముఖం జేవురించింది. "నవ్వండి. డీజిలు పంపు దగ్గర పడిపోయినాయన కూడా బాగా నవ్వించేవారు. మీ వెనక సీట్లలో యాభైమంది కూర్చుంటారు, వాళ్లకు కూడా చెప్పండి ఈ జోకు. అసలెందుకు వేసుకోరు? నోరు తెరిచి చెప్పండి."

నలభై ఏడు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నాలుగేళ్ల కిందట చెప్పాను. ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా?"

ఆమెకు గుర్తు లేదు.

"లేదు కదా. ఇంకోసారి చెప్పించుకోవాలని చూడకండి" అని చొక్కా చేయి దించుకొని లేచాడు.

డాక్టరు కుర్రవాడు, మెత్తనివాడు. కాని కాగితం దగ్గర మాత్రం నిక్కచ్చి మనిషి. "నూట ఎనభై దాటలేదు కాబట్టి ఇవాళే మిమ్మల్ని బస్సు దింపడం లేదు. నెల రోజుల్లో నూట అరవై, వంద లోపలికి రావాలి. రాకపోతే స్టీరింగు ఇవ్వలేను, కడుగుడు షెడ్డుకు రాస్తాను. వచ్చినా సరే, మందులు సక్రమంగా వాడుతున్నారని సిస్టర్ గారు రాయాలి" అన్నాడు. కాగితంలో ఆ వరుస ఎదుట రెండే గళ్లుండేవి: అవును, కాదు.

"ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు తోలాను. ఇప్పుడు బస్సులకు స్నానాలు చేయించమంటారా?" అన్నాడు నలభై ఏడు. డాక్టరును కాదు, ఆమెనే చూస్తూ అన్నాడు. "రాసుకోండి సిస్టర్. మీకు కావలసింది ఇదేగా. మీరు పట్టుకున్నవాళ్ల పేర్లతోపాటు గోడమీద నా పేరు కూడా చెక్కించుకోండి."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అన్నం సయించలేదు. భర్త అడిగితే సంగతి చెప్పింది.

"వాడి ఖర్మ. నువ్వు చెప్పాల్సింది చెప్పావు" అన్నాడాయన.

"వేసుకోడు. ఎట్లా వేసుకోడో నా కళ్లతో చూస్తాను. తాడో పేడో తేలిపోవాలి."

"బస్సెక్కి నోట్లో వేలుపెట్టి చూస్తావా ఏం?"

ఆయన వేళాకోళంగానే అన్నాడు. ఆమె మాత్రం తన సెలవురోజున నిజంగానే ఎక్కింది. డ్రైవరుకు వెనుకగా, అద్దంలో అతని ముఖం కనిపించే సీటు ఏరుకొని కూర్చున్నది. బయలుదేరే ముందు, తొమ్మిదేళ్లుగా చేస్తున్నట్లే, సరిగ్గా ఆరు గంటలకు తన మాత్ర తాను వేసుకొని, దాని మీద గ్లాసు నిండా నీళ్లు తాగింది. అతనికి ఇస్తున్న మాత్రే అది. రోగులకు చెప్పేది తాను చేయకపోవడం ఆమె ఎరుగదు.

అద్దంలో ఆమెను చూడగానే నలభై ఏడు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం సిస్టర్, తనిఖీ బస్సులోకి కూడా వచ్చిందా?"

"టిక్కెట్టు కొన్నాను. ఎక్కడికైనా వెళ్తాను."

"వెళ్లండి. చివరిదాకా వెళ్లండి. గంటా యాభై నిమిషాలు. కుషన్లు కూడా మెత్తగా ఉంటాయి" అని గేరు మార్చాడు. ఆ సీట్లో కుషను లేదు, రేకే ఉంది.

ఆమె అతణ్ని కన్నార్పకుండా గమనించింది. ఎండ నేరుగా అద్దంలోంచి అతని ఒళ్లో పడుతున్నది. పెదవులు పొడిబారి పొలుసులు కట్టాయి. కాలి పక్కన నీళ్ల సీసా ఉన్నది. గంట గడిచినా దాని మూత తీయలేదు. ఇదేమి మొండితనమని ఆమె లోలోపల విసుక్కొన్నది. ఇంకాస్త దూరం పోయేసరికి ఆ విసుగును పక్కకు నెట్టి మరొక బాధ మొదలైంది. పొద్దున మింగిన మాత్ర తన పని తాను మొదలుపెట్టింది. డిపోలోని ఆమె గదికి ఎనిమిది అడుగుల దూరంలోనే మరుగుదొడ్డి ఉండేది. అందుచేత ఈ మాత్ర తెచ్చే మూత్రం ఒత్తిడిని ఇంత గట్టిగా ఎదుర్కోవలసిన అవసరం తొమ్మిదేళ్లలో ఎన్నడూ ఆమెకు కలగలేదు.

చివరి స్టాపులో బస్సు ఆగగానే ఆమె దిగి, చిన్న గది వెనుకకు దాదాపు పరుగెత్తింది. మరుగుదొడ్డి తలుపుకు తాళం ఉంది.

"తాళంచెవి ఏదండీ?" అని కండక్టరును అడిగింది.

"టైమ్‌కీపరు దగ్గరుంటుందమ్మా."

"ఆయనెక్కడ?"

"అవతలి చివర, డిపోలో. మేం మగవాళ్లం, కండక్టర్లం, ఆ గోడ చాటుకు పోతాం. డ్రైవరు దిగడానికి లేదు, ఇంజను ఆపితే మళ్లీ అందుకోదీ బస్సు. ఎక్కండి, నాలుగు నిమిషాలే ఆగేది."

ఆమె ఎక్కింది. తిరుగు ప్రయాణంలో ప్రతి గుంతా ఆమెకు శత్రువైంది. చేతిసంచిని ఒళ్లో గట్టిగా అదుముకొని, కిటికీ చువ్వను పట్టుకొని, దుకాణాల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ మనసు మళ్లించుకోజూసింది. సగం దారిలో రోడ్డు తవ్వుతున్నారు. బస్సు చీమలా పాకుతూ, ఒకచోట ఆగిపోయింది. అద్దంలో అతని కళ్లు ఆమె మీదనే ఉన్నాయి. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఇంకెంత సేపు?" అని అడిగింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"ఇక్కడ దారి వదిలితే నలభై నిమిషాలు. వదలకపోతే ఎంతో నాకూ తెలీదు." అతడు వెనుకకు తిరగలేదు. గొంతు తగ్గించనూ లేదు. "పొద్దున వేసుకుని వచ్చారా బిళ్ల?"

ఆమె కిటికీవైపు తల తిప్పుకొన్నది.

"వేసుకునే ఉంటారు. మీరు నియమం తప్పరుగా."

నాలుగు గజాలు ముందుకు పోయి, స్టాపు కానిచోట, పెట్రోలు బంకు ఎదుట బస్సు ఆపాడు. తలుపు బుస్సుమని తెరుచుకొన్నది.

"బంకు వెనకాల ఉంది. దిగండి సిస్టర్. మీరు దిగిపోవచ్చు. నేను దిగలేను. అంతే తేడా."

బస్సులో అందరూ వింటూండగానే ఆమె దిగింది. ఆమె బయటికి వచ్చేసరికి బస్సు లేదు. బంకు గట్టుమీద కూర్చొని తరువాతి బస్సుకోసం ఎదురుచూస్తూండగా, నాలుగేళ్లనాటి ఆ మాట ఆమెకు జ్ఞాపకం వచ్చింది. అతడు ఆ రోజు కుర్చీ అంచున కూర్చుని, టోపీని చేతుల్లో తిప్పుతూ, "ఈ బిళ్లతో కొంచెం ఇబ్బందిగా ఉంటోందమ్మా" అన్నాడు. ఆమె రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. "ఇబ్బంది అందరికీ ఉంటుంది. అదే అలవాటవుతుంది. తరువాతివాళ్లు రండి" అన్నది.

కబుర్ల డ్రైవరుకు కూడా ఏదో ఇబ్బంది ఉండే ఉంటుంది. ఆరేళ్లలో తాను అతణ్ని అడిగింది ఖాళీ షీట్లు మాత్రమే. అడిగినవి అతడు పొల్లుపోకుండా తెచ్చి ఇచ్చాడు.

మరునాడు ఆమె డాక్టరుతో అంతా చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఆయనది మధ్యాహ్నం ఒంటిగంటకు దిగే డ్యూటీయేగా. ఇంటికి వెళ్లి రెండింటికి వేసుకోమనండి. ఏ ఇబ్బందీ లేదు. ఈ ముక్క ఆయన ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"చెప్పారు. నేను వినలేదు" అన్నది ఆమె.

నలభై ఏడును పిలిపించింది. అతడు నిలబడే విన్నాడు.

"రెండింటికా? ఇంత చిన్న ముక్కా? నాలుగేళ్లు పట్టిందా మీకు?"

"మీకు మాత్రం నోరు లేదా? బస్సంతా వినేలా అరవగలిగే గొంతు, ఈ గదిలో ఏమైంది?"

"ఆడమనిషితో ఆ మాట ఎట్లా చెప్పమంటారు?" అని అరిచాడు. అరిచాక, వరండా విన్నదేమోనని ఒకసారి తలుపువైపు చూశాడు. "ఇబ్బంది అన్నాను. అర్థం చేసుకునేవాళ్లకు అది చాలు."

"ఇకమీదట విడమరిచి చెప్పండి. నాకు సగం మాటలు అర్థం కావు. ఇంకొకటి. షీట్లు ఖాళీ చేసి తేవద్దు. మిగిలినవి మిగిలినట్టే తెండి. తిట్టను."

"మీరా? తిట్టరా?" అని అతడు నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

అదే మాట ఆమె బెంచీకి కూడా చెప్పింది. బెంచీ నమ్మలేదు. "కొత్త వల. చేప కనబడగానే లాగేస్తుంది" అన్నాడొకడు. ఆ నెలంతా అందరూ ఎప్పటిలాగే ఖాళీ షీట్లే తెచ్చారు. కాలువలో తెల్లని ముద్ద తగ్గలేదని ఊడ్చే ఆమె చెప్పింది. తిట్టనన్నందుకు సిస్టరు పళ్లు బిగబట్టి కూర్చున్నది. ఆ నెల ఆమె బీపీ కూడా పెరిగే ఉంటుంది.

గడువు రోజు వచ్చింది. నలభై ఏడు కుర్చీలో కూర్చుని చేయి చాపాడు. పలకరింపు లేదు. ఆమె పట్టీ చుట్టి గాలి కొట్టింది. నూట యాభై ఎనిమిది, తొంభై ఎనిమిది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టింది. నూట యాభై ఆరు, తొంభై ఆరు.

"నూట అరవై లోపలే ఉంది" అన్నది.

అతడు జేబులోనుంచి మూడు షీట్లు తీసి బల్లమీద పడేశాడు. రెండు ఖాళీవి, నలిగిపోయి, మూలలు విరిగి ఉన్నాయి. మూడోదానిలో నాలుగు మాత్రలు మిగిలే ఉన్నాయి.

ఇరవై ఆరేళ్లలో ఆ బల్లమీదికి ఎవరూ కావాలని మాత్రలు మిగిల్చిన షీటు తెచ్చి పెట్టలేదు.

"తిట్టండి మరి" అన్నాడు అతడు. "కాలవలో పారేసి రావడం నాకు చేతకాక కాదు."

"ఏ రోజులవి?"

"నా తరవాత ఎక్కాల్సినవాడు నాలుగుసార్లు రాలేదు. రాత్రిదాకా నేనే నడిపాను. రెండింటికి స్టీరింగు మీదున్నాను. ఎట్లా వేసుకోను?"

ఆమె కాగితం ముందుకు లాక్కొన్నది. అవును, కాదు. ఖాళీ షీట్ల లెక్క ప్రకారమైతే ఇది కాదు. 'కాదు' అంటే ఇవాళ్టినుంచే కడుగుడు షెడ్డు. కలం రెండు గళ్ల మధ్య ఆగింది. అతడు ఆ కలం మొననే చూస్తున్నాడు. బల్ల కింద అతని కుడిపాదం, బ్రేకు మీద ఉన్నట్లు, నేలను గట్టిగా అదిమి ఉంది.

ఆమె రెండు గళ్లనూ ఖాళీగా వదిలి, పక్కనున్న తెల్లటి చోట గుండ్రని అక్షరాలతో రాసింది: 'ముప్ఫై మాత్రలలో ఇరవై ఆరు వాడారు. మిగిలిన నాలుగు జోడు డ్యూటీ రోజులవి. రోగి స్వయంగా చూపించారు.'

డాక్టరు చదివి, ఒకసారి తలెత్తి ఆమెను చూసి, సంతకం పెట్టాడు. "వచ్చే నెల మళ్లీ రండి. నూట నలభై లోపలికి దిగేదాకా నెలనెలా" అన్నాడు.

నలభై ఏడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పై జేబులో దాచుకొన్నాడు. లేస్తూ లేస్తూ ఆగాడు.

"రెండు డ్యూటీల రోజు దిగాక వేసుకోవచ్చా? ఎనిమిదవుతుంది."

"వేసుకోవచ్చు. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, అంతే. ఈ మాట నెల కిందటే అడగకూడదా?"

"మీరు నాలుగేళ్ల కిందట అడగకూడదా?"

"ముందు నడవండి ఇక్కడినుంచి."

"నడవను. కొత్త షీట్లు ఇవ్వలేదు మీరు."

ఆమె బీరువా తెరిచి షీట్లు తీసి, అతని చేతిలో పెట్టకుండా బల్లమీద విసిరింది. అతడు వాటిని ఏరుకొని, థాంక్స్ అనే మాట నోటికి కూడా రానీయకుండా బయటికి పోయాడు. వరండాలో ఆ ఇనుప గొంతు మోగింది. "తిట్టింది. అయినా రాయాల్సింది రాసింది."

బెంచీమీద గుసగుసలు లేచాయి. కాసేపటికి మరొక డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రతి నెలా జేబులో నలిపి తెచ్చిన షీట్లతో ఆమెను ఏమార్చబోయేవాడు అతడే. చేయి జేబులో ఉంది, బయటికి రావడం లేదు.

"సిస్టర్... నావి పదిహేడు మిగిలాయి."

పదిహేడు! తిట్టు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఎలాగో మింగి, కాలితో కుర్చీని అతనివైపు నెట్టింది.

"కూర్చోండి. ఎందుకు మిగిలాయో చెప్పండి. మొత్తం చెప్పండి, సగంలో ఆపితే ఊరుకోను."